యంత్రాల నడుమ దుబాసి

(ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో పూర్వవిద్యార్థుల సభకై సిద్ధపరచిన ప్రసంగ పాఠం)



హోసూరు నుండి బెంగళూరు వైపు సాగే రోడ్డు మీద అత్తిబెలె చేరేసరికి భూమి కొలత మారిపోతుంది. ఇటు తమిళనాడు రైతు "ఎకరం ఇరవై" అన్నప్పుడు ఒక ఎకరం, దానిపైన 20 సెంట్లు అని అర్థం. ఎకరానికి 100 సెంట్లు గనుక ఆ అదనం ఎకరంలో అయిదవ వంతు. అటు కర్ణాటక రైతు నోట అదే మాట వచ్చినప్పుడు ఒక ఎకరం 20 గుంటలు అని అర్థం. ఎకరానికి 40 గుంటలు గనుక అది ఎకరంన్నర. మాట మారలేదు, అంకె మారలేదు. నేల మాత్రం 30 సెంట్లు తేడా పడింది. కాగితం మీద 1-20 అని వ్రాసి, ఆ ఇరవై దేనికి సంబంధించినదో వ్రాయకుండా వదిలిన ఒప్పందం అన్నదమ్ములను కూడా కోర్టు మెట్లు ఎక్కించగలదు.

భాషలోనూ ఇట్టి గుంటలే ఉన్నవి. తెలుగువాడు "అవసరం" అంటే కావలసి ఉన్నదని భావం. తమిళుని చెవిలో అదే మాట తొందర అని పడుతుంది. కన్నడంలోనూ అంతే. మూడు భాషలు మాటాడే ఈ ప్రాంతపు పిల్లలకు ఇది ఎవరూ పాఠంగా చెప్పరు. అంగడిలో, బస్సులో, ఆసుపత్రి వరుసలో అమ్మమ్మకు మాట సాయం చేస్తూ తామే నేర్చుకుంటారు. అక్షరం చెక్కుచెదరకుండా ఒక భాషలోనుంచి మరొక భాషలోకి దాటిపోయి, అర్థం మాత్రం గట్టుకు ఇవతలే నిలిచిపోవడం వారికి కొత్త కాదు.

నేటి ప్రసంగ విషయం ఒక చిన్న ఇనుప పెట్టె. పెద్ద భవనాల విద్యుత్ గదులలో, గోడకు తగిలించిన ప్యానెల్ లోపల, పిడికెడంత పరిమాణంలో ఉంటుంది. దాని పేరు గేట్‌వే. ఈ ప్రాంతపు యువకులు ఎందరో సాఫ్ట్‌వేర్ కార్యాలయాల భవనాలలో, ఆసుపత్రులలో, హోటళ్లలో నిర్వహణ విభాగాలలో పనిచేస్తున్నారు. వారి చేతికి ఎప్పుడో ఒకప్పుడు ఆ పెట్టె రాక తప్పదు. దానిని సరిగా అమర్చడం తీగలు బిగించే విద్య కంటె భాష నేర్పే విద్యకు దగ్గరగా ఉన్నదన్న సంగతిని వివరించుటే ఇక్కడి ఉద్దేశము.

ఒక పెద్ద భవనంలో ఏమేమి ఉంటాయో ముందుగా చూడవలెను. నీటిని చల్లబరచే చిల్లర్, ఆ నీటిని తిప్పే పంపులు, గదులకు చల్లని గాలి పంపే యంత్రాలు, అంతస్తు అంతస్తుకూ కరెంటు మీటర్లు, జెనరేటర్, లిఫ్టులు, దీపాలు, అగ్నిప్రమాద హెచ్చరిక వ్యవస్థ. వీటన్నిటినీ ఒక గదిలో కూర్చొని ఒక తెర మీద చూడగలిగే ఏర్పాటును భవన నిర్వహణ వ్యవస్థ, వాడుకలో బి.ఎం.ఎస్. అంటారు. చిక్కు ఎక్కడంటే, ఈ యంత్రాలు ఒక్క కంపెనీవి కావు, ఒక్క తరానివీ కావు. మోడికాన్ సంస్థ 1979లో కర్మాగారాల కోసం మోడ్‌బస్ అనే సంభాషణ పద్ధతిని రూపొందించింది. చిల్లర్లు, మీటర్లు, జెనరేటర్లు నేటికీ అధికంగా మాటాడేది దానినే. భవనాలకే ప్రత్యేకంగా ఒక ఉమ్మడి భాష కావాలని అమెరికాలోని ఆష్రే అనే శీతలీకరణ ఇంజనీర్ల సంఘం 1987లో పని ప్రారంభించి, 1995లో బ్యాక్‌నెట్ ప్రమాణాన్ని వెలువరించింది. 2003లో అది అంతర్జాతీయ ప్రమాణం అయింది. ఐరోపాలో మూడు పాత పద్ధతులు 1999లో కలిసి కె.ఎన్.ఎక్స్.గా రూపొందినవి. దీపాలకు డాలీ, నీటి మీటర్లకు ఎం-బస్. ఒకే కప్పు క్రింద ఇన్ని భాషలు!

ఇక్కడ రౌటర్‌కు, గేట్‌వేకు భేదం తెలియవలెను. రౌటర్ తపాలా బంట్రోతు వంటిది. ఉత్తరం విప్పదు, చిరునామా చూసి చేరవేస్తుంది. గేట్‌వే ఉత్తరం విప్పి, చదివి, మరొక భాషలో తిరిగి వ్రాసి అందజేస్తుంది. కనుక దానిని దుబాసి అనడమే సమంజసం. ద్విభాషి అన్న మాటే దుబాసి అయింది. చెన్నపట్నంలో కంపెనీ దొరలకు, స్థానిక వర్తకులకు నడుమ నిలిచిన దుబాసీలలో తెలుగువారు ఉన్నారు. యానాంను ఏలిన ఫ్రెంచివారి ముఖ్యపట్టణం పుదుచ్చేరిలో డూప్లే దొర వద్ద దుబాసిగా ఉన్న ఆనందరంగ పిళ్ళై 1736 నుండి 1761 వరకు దినచర్య వ్రాసి ఉంచినాడు. ఎవరు ఏమన్నదీ, ఎవరికి ఏమి చేరినదీ అందులో కనబడుతుంది. మంచి దుబాసికి వ్రాసి ఉంచే అలవాటు ఉండవలె. గేట్‌వేను అమర్చేవానికి మరీ ఉండవలె.

పని కంప్యూటర్ ముందు ఆరంభం కాదు. కాగితం మీద ఆరంభమవుతుంది. దానికి పాయింట్ల జాబితా అని పేరు. ఉదాహరణకు ఒక చిల్లర్ నుండి ఏయే విషయాలు కావలెనో ఒక్కొక్క వరుసలో వ్రాస్తారు. బయటికి పోయే చల్లని నీటి ఉష్ణోగ్రత, తిరిగి వచ్చే నీటి ఉష్ణోగ్రత, యంత్రం నడుస్తున్నదా లేదా, తప్పు ఏదైనా ఉన్నదా, నిర్ణయించిన ఉష్ణోగ్రత ఎంత. ప్రతి వరుసలోనూ చిల్లర్ భాషలో దాని స్థానం, అంకె రూపం, ప్రమాణం, గుణకం, చదవడానికి మాత్రమేనా వ్రాయడానికి కూడానా, తిరిగి బ్యాక్‌నెట్ భాషలో దాని పేరు, సంఖ్య. చాలాచోట్ల ఈ జాబితాను పని అయిపోయిన తరువాత లెక్క చూపడానికి తయారుచేస్తారు. అది పెళ్ళయిన తరువాత జాతకాలు చూడడం వంటిది.

తీగ సంగతి త్వరగా చెప్పి ముగించవచ్చు. మోడ్‌బస్ సాధారణంగా ఆర్.ఎస్.485 అనే మెలితిప్పిన జంట తీగ మీద నడుస్తుంది. ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి వరుసగా పూలదండ వలె సాగవలెను. చెట్టు కొమ్మల వలె చీలరాదు. సుమారు 1200 మీటర్ల దూరం వరకు, ప్రామాణిక భారం గల 32 పరికరాల వరకు ఒక తీగ మోస్తుంది. రెండు చివరల 120 ఓముల నిరోధకం ఉండవలెను. ప్రతి యంత్రానికి 1 నుండి 247 లోపల ఒక సంఖ్య. ఏ ఇద్దరికీ ఒకే సంఖ్య ఉండరాదు. వేగం, పారిటీ అందరికీ ఒకటే. ఇవి తప్పితే అసలు మాటే రాదు. మాట రాకపోవడం ఒక విధంగా మేలు, తప్పు జరిగినట్లు వెంటనే తెలుస్తుంది.

మాట వచ్చి, అర్థం తప్పినప్పుడే కీడు.

మోడ్‌బస్‌కు ఉష్ణోగ్రత అంటే తెలియదు, పీడనం అంటే తెలియదు. దానికి తెలిసినవి గళ్ళు మాత్రమే. ఒక్కొక్క గడిని రిజిస్టర్ అంటారు. ఒక్కొక్క గడిలో 0 నుండి 65535 వరకు ఏదో ఒక పూర్ణాంకం. అందులో 245 ఉన్నదనుకుందాం. అది 245 డిగ్రీలా, 24.5 డిగ్రీలా, 2.45 బార్ పీడనమా, 245 వోల్టులా? గడి చెప్పదు. తయారీదారు పుస్తకం చెప్పవలె. భిన్నాలు గడిలో ఇమడవు గనుక పదితో హెచ్చించి ఉంచడం ఆచారం. తిరిగి పదితో భాగించడం దుబాసి పని. భాగించకపోతే తెర మీద గది ఉష్ణోగ్రత 245 డిగ్రీలు అని కనబడుతుంది. నవ్వి సరిదిద్దుకుంటారు. కాని ఒక మీటరు కిలోవాట్లలో చెప్పినదానిని వాట్లుగా చదివితే నవ్వు రాదు. నెల చివర బిల్లు వచ్చేదాకా ఎవరికీ తెలియదు.

ఋణ సంఖ్యల సంగతి మరొకటి. శీతల గిడ్డంగిలో సున్నాకు క్రింద 5 డిగ్రీలు ఉన్నదనుకుందాం. పదితో హెచ్చిస్తే ఋణ 50. గడికి ఋణచిహ్నం లేదు. యంత్రం దానిని 65536 నుండి 50 తీసివేసి 65486గా ఉంచుతుంది. గేట్‌వేలో ఆ గడి ఋణధన సంఖ్య అని గుర్తు పెట్టకపోతే తెర మీద 6548.6 డిగ్రీలు కనబడతాయి. పదవ తరగతి విద్యార్థి సైతం ఈ లెక్క చేయగలడు. గణితం అయ్యవారు "ప్రమాణం ఏదిరా?" అని అర మార్కు తగ్గించినప్పుడు అలిగిన పిల్లలు, పెద్దవారైన తరువాత ఇటువంటి తెర ముందు ఆ అర మార్కు విలువ గ్రహిస్తారు.

పెద్ద సంఖ్యలను, దశాంశాలను రెండు గళ్ళలో కలిపి ఉంచే పద్ధతి ఉన్నది. అక్కడ ఏ గడి ముందు, ఏ గడి తరువాత అన్నది తయారీదారు ఇష్టం. 24.5 అనే దశాంశ సంఖ్యను ఈ విధంగా ఉంచినప్పుడు ఒక గడిలో 16836, మరొక గడిలో 0 పడతాయి. వాటిని తారుమారుగా చదివితే వచ్చే సంఖ్య ఎంతో సూక్ష్మమైనది. తెర మీద 0.0 అని కనబడుతుంది. చూసినవాడు సెన్సార్ చెడిపోయిందనుకొని దానిని మార్పిస్తాడు. కొత్తదీ సున్నాయే చూపుతుంది. తీగ మారుస్తాడు. చెడిపోయినది వస్తువు కాదు, వాక్యంలోని పదక్రమం.

వీటన్నిటికంటె మోసకారి తప్పు ఒక్క స్థానం జరగడం. పుస్తకాలలో మోడ్‌బస్ గళ్ళను 40001 నుండి లెక్కిస్తారు. తీగ మీద పోయే లెక్క 0 నుండి మొదలవుతుంది. పుస్తకంలో 40108 అని ఉన్నదానికి ఒక గేట్‌వేలో 108 అనీ, మరొక దానిలో 107 అనీ వ్రాయవలసి ఉంటుంది. ఒక్కటి తప్పితే పక్క గడి చదువుతుంది. ఆ పక్క గడి చాలాసార్లు అదే జాతి విషయం. బయటికి పోయే నీరు 7 డిగ్రీలు, తిరిగి వచ్చే నీరు 12 డిగ్రీలు అనుకుందాం. మొదటిదానికి బదులు రెండవది చదివితే తెర మీద 12 కనబడుతుంది. అది అసంభవమైన అంకె కాదు. చిల్లర్ చాలినంత చల్లబరచడం లేదని భావించిన ఉద్యోగి ఇంకా తగ్గించమంటాడు. యంత్రం శ్రమిస్తుంది, కరెంటు పోతుంది, తప్పు ఎక్కడున్నదో ఎవరూ వెదకరు. ఎందుకంటే అంకె నమ్మదగినదిగా ఉన్నది.

ఇది సామాన్యులకే జరిగే పొరపాటు కాదు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా అంగారకుని వద్దకు పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబరు 23న నశించింది. ఒక ప్రోగ్రాం బలప్రచోదనాన్ని పౌండ్లలో లెక్కించి ఇచ్చింది. అందుకున్న ప్రోగ్రాం దానిని న్యూటన్లుగా భావించింది. నడుమ తేడా దాదాపు నాలుగున్నర రెట్లు. సందేశం అందింది, అక్షరం చెదరలేదు. సెంటూ గుంటా కథే.

ఇక బ్యాక్‌నెట్ వైపు. ఆ భాషకు వ్యాకరణం ఉన్నది. ప్రతి విషయం ఒక వస్తువు. దానికి పేరు, ప్రస్తుత విలువ, ప్రమాణం, క్షేమస్థితి అనే లక్షణాలు ఉంటాయి. ప్రతి పరికరానికి 0 నుండి 4194302 లోపల ఒక సంఖ్య ఇవ్వాలి. మొత్తం వ్యవస్థలో మరి దేనికీ ఆ సంఖ్య ఉండరాదు. కొత్త గేట్‌వే ఫ్యాక్టరీ నుండి వచ్చిన సంఖ్యతోనే ఉంచితే, అటువంటివి రెండు కొన్ననాడు ఒకే పేరు గల ఇద్దరు పిల్లలను హాజరు పిలిచినట్లు అవుతుంది. గేట్‌వే ఒక ఉపజాలంలో, ప్రధాన కంప్యూటర్ మరొక దానిలో ఉంటే "ఎవరక్కడ?" అనే పిలుపు రౌటర్ దాటి పోదు, దానిని దాటించే ప్రత్యేక ఏర్పాటు చేయాలి. పేర్ల విషయంలో ఒక్క మాట. ఏ.ఐ.-1, ఏ.ఐ.-2 అని వదిలేయడం సోమరితనం. భవనం, అంతస్తు, యంత్రం, విషయం అనే క్రమంలో పేరు పెడితే పది సంవత్సరాల తరువాత వచ్చే మనిషికి కూడా తెలుస్తుంది. ప్రమాణం గడిలో "ప్రమాణం లేదు" అని వదిలిపెట్టడం ఇంకా పెద్ద అపరాధం.

వేగం లెక్క కొంత ఆసక్తికరమైనది. మోడ్‌బస్ తీగ మీద అడిగేవాడు ఒక్కడే, మిగిలినవారు అడిగినప్పుడే పలుకుతారు. సెకనుకు 9600 బిట్ల వేగంలో ఒక్క గడి అడిగి జవాబు పొందడానికి, యంత్రం ఆలోచించే సమయంతో కలిపి, సుమారు 75 మిల్లీసెకన్లు అనుకోవచ్చును. 30 మీటర్లు, మీటరుకు 40 గళ్ళు, మొత్తం 1200 ప్రశ్నలు. ఒక చుట్టు పూర్తి కావడానికి 90 సెకన్లు. అదే 40 గళ్ళనూ ఒక్క ప్రశ్నలో అడిగితే మీటరుకు ఇంచుమించు 165 మిల్లీసెకన్లు, చుట్టుకు 5 సెకన్లు. గళ్ళు వరుసగా ఉండవలెననేదే నియమం, ఒక ప్రశ్నలో 125 గళ్ళ వరకు అడగవచ్చు. హాజరు పట్టీలో ఒక్కొక్క పిల్లవాడిని ఇంటికి పోయి పిలిచి వచ్చే ఉపాధ్యాయుడు ఎక్కడా ఉండడు. అయినా గేట్‌వేలను అలాగే వదిలేసే ఇంజనీర్లు ఉన్నారు.

ఇప్పుడు అసలు సంగతి. తీగ తెగితే తెర మీద ఏమి కనబడవలె?

టీకా మందులు నిల్వ ఉంచే గది ఉన్నదనుకుందాం. వాటిలో అధికభాగం 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉండవలెను. రాత్రి పది గంటలకు గదిలో 5 డిగ్రీలు. అప్పుడు గేట్‌వేకు, శీతల యంత్రానికి నడుమ తీగ ఊడింది. చాలా గేట్‌వేలు అట్టి సమయంలో చివరిసారి విన్న విలువనే పట్టుకొని ఉంటాయి. ఎవరూ వేరుగా చెప్పకపోతే. ప్రధాన కంప్యూటర్ అడుగుతుంది, గేట్‌వే 5.0 అంటుంది. పదకొండింటికి 5.0. రెండింటికి 5.0. కాపలా ఉద్యోగి చూసి తృప్తిగా పుస్తకంలో 5.0 అని వ్రాస్తాడు. గదిలో మాత్రం కంప్రెసర్ ఆగి ఉష్ణోగ్రత 15కు చేరి ఉండవచ్చును. అక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు. గేట్‌వే విన్నదే చెప్పింది, ఎప్పుడు విన్నదో మాత్రం చెప్పలేదు.

దీనికి పరిష్కారం బ్యాక్‌నెట్‌లోనే ఉన్నది. ప్రతి విలువ ప్రక్కన నాలుగు గుర్తులుంటాయి. హెచ్చరిక ఉన్నదా, లోపం ఉన్నదా, ఎవరైనా చేతితో మార్చినారా, సేవలో లేదా అని. దానితోపాటు విలువ ఎంత నమ్మదగినదో తెలిపే మరొక లక్షణం ఉంటుంది. మోడ్‌బస్ యంత్రం ఇన్ని సెకన్లు, ఇన్నిసార్లు పలుకకపోతే లోపం గుర్తు లేపమని, సంభాషణ తెగినదని వ్రాయమని గేట్‌వేకు నేర్పాలి. ఆ గుర్తును చూసి గంట మోగించమని ప్రధాన వ్యవస్థకూ నేర్పాలి. రెండవది మరచినవారు మొదటిది చేసీ ప్రయోజనం లేదు. కొన్ని చౌక గేట్‌వేలు ఈ గుర్తులను లేపనే లేపవు. కొనే ముందే అడిగి తెలుసుకోదగిన ప్రశ్న ఇది. తెలియనప్పుడు తెలియదని చెప్పగల దుబాసినే కొలువులో ఉంచుకోవాలి.

చదవడం కంటె వ్రాయడం, అంటే ఆజ్ఞ ఇవ్వడం, మరింత బాధ్యత గల పని. బ్యాక్‌నెట్‌లో ఆజ్ఞలకు 16 మెట్లు ఉన్నవి. తక్కువ సంఖ్య గలవాని మాట చెల్లుతుంది. 1, 2 మెట్లు ప్రాణరక్షణకు ప్రత్యేకించినవి. 8వది మనిషి చేతి ఆజ్ఞకు. గేట్‌వే లేదా మరొక ప్రోగ్రాం 8వ మెట్టు మీద నుంచి "పంపు నడపుము" అని ఒకసారి వ్రాసి, ఆ ఆజ్ఞను తిరిగి తీసుకోకపోతే, క్రింది మెట్ల మీద కాలపట్టిక ప్రకారం వచ్చే "ఆపుము" అనే ఆజ్ఞ ఎన్నటికీ చెల్లదు. ఆదివారం నాడు ఖాళీ భవనంలో పంపులు తిరగడానికి తరచు కారణం ఇదే. ఆజ్ఞ ఇవ్వడం ఎంత ముఖ్యమో విరమించుకోవడమూ అంతే ముఖ్యం.

మరొకటి. కొన్ని యంత్రాలు తమకు వచ్చిన ఉష్ణోగ్రత నిర్ణయాన్ని కరెంటు పోయినా మరువని జ్ఞాపకంలో వ్రాసుకుంటాయి. ఆ జాతి చిప్పులు సామాన్యంగా లక్ష వ్రాతల ఆయువు గలవి. గేట్‌వే ప్రతి 10 సెకన్లకు ఒకసారి అదే 7 డిగ్రీలను వ్రాస్తూ పోతే లక్ష వ్రాతలు 12 రోజులలోపే పూర్తవుతాయి. పలక అరిగిపోతుంది. విలువ మారినప్పుడు మాత్రమే వ్రాయమని ఒక్క గుర్తు పెడితే అదే చిప్పు యంత్రం ఆయువంతా ఉంటుంది.

అగ్నిప్రమాద వ్యవస్థ విషయంలో సందేహానికి తావు లేదు. మంటలు రేగినప్పుడు గాలియంత్రాలు ఆగడం, లిఫ్టు క్రిందికి దిగడం, తలుపులు విడివడడం, ఇవి గేట్‌వే మీద ఆధారపడరాదు. వాటికి ప్యానెల్ నుండి ప్రత్యేక తీగలు నేరుగా పోవలె. గేట్‌వే ద్వారా సమాచారం తెర మీదికి రావచ్చు, ఆజ్ఞ పోరాదు. ఖర్చు తగ్గుతుందని ఎవరైనా వేరు మాట చెబితే వారి చేత వ్రాతపూర్వకంగా తీసుకోమని యువ ఇంజనీర్లకు మనవి. వ్రాయమన్న వెంటనే చాలామంది ఆ సలహా విరమించుకుంటారు.

భద్రత గూర్చి క్లుప్తంగా. మూల మోడ్‌బస్‌లో తాళం అనేది లేదు. తీగ మీదికి ఎవరు వచ్చి అడిగినా పలుకుతుంది, ఎవరు ఆజ్ఞాపించినా వింటుంది. బ్యాక్‌నెట్ కూడా చాలాకాలం అంతే. గట్టి రక్షణ గల దాని కొత్త రూపం 2019లో వచ్చింది. కనుక గేట్‌వేను అంతర్జాలానికి నేరుగా ఎదురుగా నిలపరాదు. 2016 నవంబరులో ఫిన్లాండ్‌లోని లప్పీన్‌రంత పట్టణంలో నెట్‌వర్క్ దాడి వలన రెండు నివాస భవనాల నియంత్రణ యంత్రాలు పదేపదే పునఃప్రారంభమై, చలికాలం ముంగిట ఇళ్ళకు వేడి అందకుండా పోయింది. ఫ్యాక్టరీ నుండి వచ్చిన సంకేతపదాన్ని మొదటి రోజే మార్చాలి. మార్చినదానిని ఒక్కడే మనసులో ఉంచుకొని ఉద్యోగం మారిపోవడం రెండవ తప్పు.

చివరగా పరీక్ష. తెర మీద అంకె కనబడినంత మాత్రాన పాయింటు సరియైనదని సంతకం చేయరాదు. ఒకరు యంత్రం వద్ద, ఒకరు తెర వద్ద నిలిచి ఫోనులో మాటాడుకుంటూ ఒక్కొక్క వరుస సరిచూడవలె. నీటి గొట్టం మీది ఉష్ణమాపకం 7.1 చూపితే తెర కూడా ఇంచుమించు అంతే చూపవలె. సెన్సార్‌ను చేతితో వెచ్చచేసి, మారినది ఆ వరుసేనా, పక్క వరుసా అని చూడవలె. ఒక్క స్థానం జరిగిన తప్పు ఇక్కడ తప్ప మరెక్కడా పట్టుబడదు. నియమిత విలువకు మార్పు ఇచ్చి యంత్రం విన్నదో లేదో, ఆజ్ఞ విరమిస్తే మరల పాత స్థితికి వచ్చిందో లేదో చూడవలె. ఆ తరువాత తీగను కావాలని ఊడదీసి, గంట మోగేవరకు గడియారం చూస్తూ నిలబడవలె. ఎక్కువమంది వదిలేసేది ఈ చివరి పరీక్షనే. భవనం అప్పగించే గడువు దగ్గరపడి ఉంటుంది, ఉన్న తీగను ఊడదీయడమా అని యజమాని కోపగిస్తాడు. మూడు వందల పాయింట్లున్న భవనంలో ఇద్దరు మనుషులకు ఇది రెండు మూడు రోజుల పని. టీకా గదికి, శస్త్రచికిత్స గదికి సంబంధించిన వరుసలైనా ఈ పరీక్ష లేకుండా అప్పగించకుండుట ఉద్యోగి చేతిలో ఉన్నది.

అప్పగింతలో నాలుగు వస్తువులు భవనంలోనే ఉండవలె: సరిచూసి సంతకాలు చేసిన పాయింట్ల జాబితా, గేట్‌వే అమరిక ఫైలు ప్రతి ఒకటి, తయారీదారుల రిజిస్టర్ పుస్తకాలు, సంకేతపదాలున్న మూసిన కవరు. అమరిక ఫైలు ఒక్కరి లాప్‌టాప్‌లోనే ఉండిపోయి, గేట్‌వే పిడుగుపాటుకు చెడినప్పుడు ఆ మనిషి ఏ దేశంలో ఉన్నాడో వెదుకుతూ కూర్చున్న భవనాలు లేకపోలేదు. వీటితోపాటు ప్యానెల్ తలుపు లోపలి వైపున ఒక కాగితం అంటించి ఉంచవలె. అందులో తీగ వేగం, పారిటీ, ఏ యంత్రానికి ఏ సంఖ్య, గేట్‌వే చిరునామా, చివరిసారి మార్పు చేసిన తేదీ, మార్చినది ఏమిటి, మార్చినవారి పేరు ఉండవలె, చదవగలిగే అక్షరాలలో.